తెలుగు సినీ అభిమానం, ఆన్‌లైన్ స్త్రీద్వేషం

ఒక హీరోనో సినిమానో అభిమానించేవారు సామాజిక మాధ్యమాల్లో నటీమణులను, గాయనులను, టీవీ వ్యాఖ్యాతలను, తమతో పాటు సినిమా చూసే మామూలు ఆడవాళ్లను లైంగిక దూషణతో, బూతు మీమ్‌లతో, మార్ఫింగ్ చేసిన బొమ్మలతో వేధించడం తెలుగు నేల మీద ఇప్పుడు కొత్త సంగతి కాదు. దీని మీద జరిగిన చర్చంతా దాదాపు 'అసభ్యత' అనే ఒక్క మాట చుట్టూనే తిరిగింది. బూతులు ఎక్కువయ్యాయని, సంస్కృతి పాడైపోతోందని పెద్దలు అంటారు. సరదాను సరదాగా తీసుకోవాలని కుర్రాళ్లు అంటారు. జరిగిన ఘటనలను వరసగా చూస్తే ఈ రెండు మాటలూ గురి తప్పినవేనని తేలుతుంది. బూతు, నగ్నత వాటంతటవే నేరాలు కావు. అవి ఎవరి ఇష్టంతో బయటికి వచ్చాయి, ఎవరిని నోరు మూయించడానికి వాడారు అన్నదే అసలు ప్రశ్న.

తెలుగువారికి శృంగారమూ మోటు హాస్యమూ ఇంటర్నెట్ తెచ్చిపెట్టినవి కావు. క్షేత్రయ్య పదాలు, తోలుబొమ్మలాటలో బంగారక్క, కేతిగాడి సంభాషణలు తరతరాలుగా జనం మధ్యనే ఉన్నాయి. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని 'రాధికా సాంత్వనము' రాసింది. స్త్రీ తన కోరికను తన గొంతుతో చెప్పిన కావ్యం అది. కందుకూరి వీరేశలింగం దాన్ని అసభ్యమని నిందించారు. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ఆ కావ్యాన్ని పరిష్కరించి ప్రచురిస్తే మరుసటి ఏడాదే బ్రిటిష్ ప్రభుత్వం అశ్లీలమంటూ నిషేధించింది. ఆ నిషేధం టంగుటూరి ప్రకాశం చొరవతో 1947లో గానీ తొలగలేదు. కొరడా పడింది స్త్రీ రాసిన పుస్తకం మీద, దాన్ని అచ్చువేసిన స్త్రీ మీద. అశ్లీలతనే కొలబద్దగా పెట్టుకుంటే దెబ్బ ఎవరికి తగులుతుందో చెప్పడానికి మన చరిత్రలో ఇంతకంటే గట్టి సాక్ష్యం లేదు.

అభిమాన సంఘాల చరిత్ర వేరే దారిలో నడిచింది. కటౌట్లు, పాలాభిషేకాలు, బెనిఫిట్ షోలు, రక్తదాన శిబిరాలు, వీటన్నిటికీ కేంద్రం సినిమా హాలు. చిరంజీవి అభిమానుల మీద విస్తృతంగా పరిశోధన చేసిన ఎస్.వి. శ్రీనివాస్ వంటి పండితుల రచనల్లో కనిపించే సంఘాలు దాదాపు పూర్తిగా మగవాళ్లవే. ఆడవాళ్లు సినిమా చూశారు, పాటలు పాడుకున్నారు, హీరోలను ఆరాధించారు. సంఘంలో సభ్యులు మాత్రం కాలేదు. 2000 తర్వాత అమెరికాలోని తెలుగువారితో కలిసి ఆన్‌లైన్ చర్చా వేదికలు పుట్టినప్పుడు ఆ మగ బృందమే యథాతథంగా అక్కడికి చేరింది. బ్రహ్మానందం ముఖకవళికలతో కదిలే బొమ్మలు అక్కడ ఒక భాషగా మారాయి. ఆ హాస్యంలో నిజమైన ప్రతిభ ఉంది. ఆ గుంపులోనే ఏ అడ్డూ లేకుండా నటీమణుల శరీరాల మీద వ్యాఖ్యానమూ సాగింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చౌకయ్యాక, కర్ణాటక, మహారాష్ట్ర సరిహద్దుల దగ్గరి నారాయణఖేడ్ లాంటి ఊళ్లో కూడా అభిమాని కావడానికి హాలుతో పని లేకుండా పోయింది. మొదటి రోజు టికెట్ దొరక్కపోయినా ట్రెండింగ్‌లో తన వంతు ట్వీట్లు వేయొచ్చు. సంఘంలో ఎన్నడూ చోటు దక్కని ఆడపిల్లలు ఈ కొత్త చోట తొలిసారి తమ పేరుతో, తమ ఫొటోతో అభిప్రాయం చెప్పడం మొదలుపెట్టారు. ఘర్షణ రాజుకున్నది అక్కడే.

2017 ఆగస్టులో విడుదలైన 'అర్జున్ రెడ్డి' ఈ చర్చను రెండుగా చీల్చింది. కాంగ్రెస్ నాయకుడు వి. హనుమంతరావు ఆర్టీసీ బస్సు మీది ముద్దు పోస్టర్‌ను చింపేశారు. ఆ సినిమాలో తల్లిని తిట్టే బూతును వేదికల మీద, థియేటర్లలో కేకలుగా మార్చుకోవడాన్ని వ్యాఖ్యాత అనసూయ భరద్వాజ్ తప్పుపట్టారు. పైకి ఇద్దరి అభ్యంతరమూ ఒక్కటే అనిపిస్తుంది కానీ కాదు. ముద్దు పోస్టర్‌లో ఇద్దరు నటులు తమ ఇష్టంతో నటించారు, చూసినవారికి నచ్చకపోవచ్చు, అంతే. రెండోదానిలో వేల గొంతులు కలిసి ఒక స్త్రీ సంబంధాన్ని తిట్టుగా వాడుకున్నాయి. పోస్టర్ చింపినాయన మీద జోకులు పేలాయి. అనసూయకు మాత్రం ఏళ్ల తరబడి ఆమె వయసు మీద, వేషం మీద, కుటుంబం మీద దాడి ఎదురైంది. 2022 ఆగస్టులో అదే హీరో నటించిన 'లైగర్' విడుదలైన రోజున ఆమె పెట్టిన పోస్టుతో అది మళ్లీ భగ్గుమంది. ఆంటీ అంటూ వేలాది పోస్టులు ట్రెండ్ అయ్యాయి.

2018 ఏప్రిల్ 7న నటి శ్రీరెడ్డి హైదరాబాద్ ఫిల్మ్ ఛాంబర్ ముందు అర్ధనగ్నంగా కూర్చుని పరిశ్రమలో లైంగిక దోపిడీ మీద నిరసన తెలిపారు. అక్కడ నగ్నత ఆమె ఎంచుకున్న ఆయుధం, ఫిర్యాదు. మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్ మొదట ఆమె మీద నిషేధం పెట్టి, కొద్దిరోజుల్లోనే వెనక్కి తీసుకుంది. జాతీయ మానవ హక్కుల సంఘం తెలంగాణ ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. మీమ్ పేజీలు మాత్రం ఆమె ఆరోపణను పక్కనపెట్టి ఆమె శరీరాన్ని పట్టుకున్నాయి. ఆ నెలలోనే ఆమె పవన్ కల్యాణ్ తల్లిని ఉద్దేశించి బూతు మాట అన్నారు, ఆయన స్వయంగా ఛాంబర్‌కు వచ్చి నిరసన తెలిపారు. ఆమె అన్న మాట తప్పే, అందులో రెండో అభిప్రాయం అక్కర్లేదు. అయితే ఒక మగవాడి మీది కోపం కూడా అతని తల్లి మీదుగానే బయటికి వచ్చిందని గమనించాలి.

మగవాళ్లనూ తిడుతున్నారు కదా, ఇందులో స్త్రీద్వేషం ఎక్కడుంది అనేవారికి జవాబు ఇక్కడే దొరుకుతుంది. నిజమే, సినీ విమర్శకుడు కత్తి మహేష్ కూడా 2017–18లో పవన్ అభిమానుల నుంచి ఘోరమైన వేధింపు ఎదుర్కొన్నారు, ఆయన మీద కోడిగుడ్లతో దాడి జరిగింది. ఫ్యాన్ వార్‌లో రెండు వర్గాల హీరోలూ తిట్లు తింటారు. కానీ ఆ తిట్లు విప్పి చూస్తే వాటి నిండా అమ్మలు, భార్యలు, చెల్లెళ్లే. వారు ఆ గొడవలో లేరు, ఆ సినిమా తీయలేదు, కలెక్షన్లు లెక్కపెట్టలేదు. అవతలి మగవాణ్ని ఓడించడానికి వారిని పావులుగా వాడుతున్నారు. ఆడమనిషే నేరుగా మాట్లాడితే పావు ఎదురుతిరిగినట్టు ఉంటుంది, శిక్ష రెట్టింపవుతుంది. 2020 జూన్‌లో నటి మీరా చోప్రా ట్విటర్‌లో ప్రశ్నలకు జవాబిస్తూ తాను జూనియర్ ఎన్టీఆర్ అభిమానిని కానని, మహేష్ బాబు అంటే ఎక్కువ ఇష్టమని అన్నారు. 2006లో పవన్ కల్యాణ్ సరసన 'బంగారం'లో నటించిన నటి ఆమె. అభిరుచి చెప్పిన పాపానికి గ్యాంగ్‌రేప్ చేస్తామని, యాసిడ్ పోస్తామని బెదిరింపులు వచ్చాయి. ఆమె స్క్రీన్‌షాట్లు పెట్టి ఫిర్యాదు చేశారు, అప్పటి తెలంగాణ మంత్రి కేటీఆర్ స్పందించి చర్యలు తీసుకోవాలని పోలీసులను కోరారు, హైదరాబాద్ సైబర్ క్రైం విభాగం కేసు నమోదు చేసింది. ఆ సంభాషణలో ఆమె వైపు నుంచి అసభ్యమైన మాట ఒక్కటీ లేదు.

ఇదంతా ఫేక్ ఐడీల పని, నిజమైన అభిమానులు ఇలా చెయ్యరు అనేది తరచూ వినిపించే మరో వాదన. రష్మికా మందన్న డీప్‌ఫేక్ కేసు దీనికి నేరుగా ఎదురు నిలుస్తుంది. 2023 నవంబరులో ఒక వీడియో దేశమంతా తిరిగింది. నల్లని బిగుతు దుస్తుల్లో ఒక యువతి లిఫ్టులోకి వస్తుంది, ఆ శరీరం మీద రష్మిక ముఖం ఉంటుంది. మూల వీడియోలోని యువతి ఒక బ్రిటిష్ ఇండియన్. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు గుంటూరు జిల్లాకు చెందిన ఇంజనీరింగ్ పట్టభద్రుణ్ని అరెస్టు చేశారు. పోలీసులు చెప్పిన ప్రకారం అతను రష్మిక పేరుతో ఇన్‌స్టాగ్రామ్‌లో ఫ్యాన్ పేజీ నడిపేవాడు. ఆ వీడియో పెట్టాక రెండు వారాల్లో ఫాలోవర్లు 90 వేల నుంచి లక్షా 8 వేలకు పెరిగారు. అంటే ఆమెను ద్వేషించేవాడు కాదు, ఆమె పేజీకి అడ్మిన్. అభిమానానికి సంఖ్యే కొలమానమైనప్పుడు అభిమాన తార ముఖం కూడా సరుకైపోతుంది. ఇంకో విషయం చాలామంది దృష్టి దాటిపోయింది. ఆ వీడియో నగ్నమైనది కాదు. జిమ్ దుస్తుల్లో లిఫ్టు ఎక్కడం ఎవరి లెక్కలోనూ అశ్లీలం కాదు. అందుకే కేసు ఫోర్జరీ సెక్షన్లతో, ఐటీ చట్టంలో గుర్తింపు చౌర్యం, గోప్యతా ఉల్లంఘనలకు సంబంధించిన 66సీ, 66ఈ సెక్షన్లతో నడిచింది. నేరం ఎక్కడుందో ఈసారి పోలీసులు సరిగ్గా పట్టుకున్నారు. ఒకరి ముఖాన్ని వారిని అడగకుండా తీసుకోవడంలో ఉంది.

ఈ తేడాను బయటి ప్రపంచంలో కొన్ని అభిమాన సమాజాలు ముందే గుర్తించాయి. అమెరికాలో 1970ల నుంచి 'స్టార్ ట్రెక్' అభిమానులు, వారిలో ఎక్కువమంది ఆడవాళ్లే, ఆ పాత్రలతో శృంగార కథలు రాసి చిన్న పత్రికల్లో పంచుకున్నారు. ఆ వరసలోనే 2009లో అందరికీ తెరుచుకున్న 'ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్' ఎంత పచ్చి కథనైనా ఉంచనిస్తుంది, కథ ముందు వయసు స్థాయి, హెచ్చరికల గురించి ఒక మాట ఉండాలంటుంది. ఒక మనిషిని వేధించడాన్ని మాత్రం ఒప్పుకోదు. లేబుల్ అతికిస్తే శృంగారం సమ్మతి ఉన్న పాఠకుడి దగ్గరికే చేరుతుంది. వేధింపుకు ఏ లేబులూ అతకదు. అక్కడా అందరూ అలా లేరు. 2016లో 'గోస్ట్‌బస్టర్స్' నటి లెస్లీ జోన్స్‌ను, 2018లో 'స్టార్ వార్స్' నటి కెల్లీ మేరీ ట్రాన్‌ను సినిమా అభిమానులమని చెప్పుకున్నవారే జాతి, రూపం మీది దూషణతో తరిమారు.

కఠిన చట్టం తెస్తే భావ ప్రకటన స్వేచ్ఛ పోతుందన్న భయానికి ఆధారం ఉంది. ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్ ఎంత అస్పష్టంగా ఉండేదంటే, ఎవరికైనా చిరాకు కలిగించే పోస్టు పెట్టినా అరెస్టు చేయగలిగేవారు. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, మంచి పనే చేసింది. మిగిలిన 67వ సెక్షన్ అశ్లీలతను కొలమానంగా పెట్టుకుంది, ముద్దుపళని కావ్యాన్ని నిషేధించిన నాటి కొలమానమే అది. అశ్లీలతతో పని లేకుండా బెదిరింపునూ వెంటాడటాన్నీ అనుమతి లేని బొమ్మనూ విడిగా, కచ్చితంగా నిర్వచించే సెక్షన్లనే వాడితే స్వేచ్ఛకూ భద్రతకూ పోటీ ఉండదు. 2021 ఐటీ నియమాలు ఆ దిశగా సగం దూరం నడిచాయి. నగ్న చిత్రం, మార్ఫింగ్ బొమ్మ గురించి బాధితురాలు గానీ ఆమె తరఫున మరొకరు గానీ ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో తీసేయాలని వేదికలకు అప్పట్లో గడువు పెట్టాయి. ఆ గడువు బొమ్మలకు పెట్టిందే. మీరా చోప్రాకు వచ్చినవన్నీ మాటలు.

పరిశ్రమ పాత్ర గురించీ చెప్పుకోవాలి. ఆన్‌లైన్ భాష గాలిలోంచి ఊడిపడలేదు. 2016లో 'సావిత్రి' పాటల వేడుకలో బాలకృష్ణ, 2017లో 'రారండోయ్ వేడుక చూద్దాం' వేడుకలో చలపతిరావు ఆడవాళ్ల గురించి చేసిన వ్యాఖ్యల మీద పోలీసు ఫిర్యాదులు వచ్చాయి, ఇద్దరూ క్షమాపణ చెప్పారు. వేదిక మీద చప్పట్లు పడిన మాట కామెంట్ల పెట్టెలో బూతవుతుంది. మార్పు కూడా వేదిక మీదివారి నుంచే మొదలైంది. 2024 జులైలో తండ్రీకూతుళ్ల వీడియో మీద కొందరు యూట్యూబర్లు చేసిన లైంగిక జోకులను నటుడు సాయి దుర్గ తేజ్ బయటపెట్టి ముఖ్యమంత్రులను ట్యాగ్ చేశారు. కొద్దిరోజుల్లోనే తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఒకరిని బెంగళూరులో అరెస్టు చేసింది, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం కింద కూడా కేసు పెట్టింది. వెంటనే మంచు విష్ణు అధ్యక్షుడిగా ఉన్న ఆర్టిస్ట్స్ అసోసియేషన్, నటులను కించపరిచే వీడియోలు 48 గంటల్లో తీసేయాలని హెచ్చరించి, కొన్ని ఛానెళ్లను మూయించింది.

ఆ రక్షణ సభ్యత్వం ఉన్నవారికి దక్కింది. తన వీడియో బయటికి వచ్చినప్పుడు రష్మిక ఒక మాట అన్నారు: స్కూల్లోనో కాలేజీలోనో ఉండగా ఇలా జరిగి ఉంటే ఎలా తట్టుకునేదాన్నో ఊహించలేనని. నారాయణఖేడ్ డిగ్రీ కాలేజీలో చదివే అమ్మాయి ఒక సినిమా బాగోలేదని రాస్తే ఆమె డీపీ కూడా మార్ఫింగ్ అయ్యే ప్రమాదం ఉంది. ఆమె వెనక అసోసియేషన్ లేదు, ట్యాగ్ చేయగానే బదులిచ్చే మంత్రి లేడు, లక్షల ఫాలోవర్లు లేరు. కేంద్ర హోం శాఖ 2019లో తెచ్చిన సైబర్ క్రైం పోర్టల్‌లో లైంగిక వీడియోల వంటి కొన్ని నేరాల మీద పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేయొచ్చు. 2021 డిసెంబరులో మొదలైన 'స్టాప్ ఎన్‌సీఐఐ' సేవలో, బొమ్మను ఎవరికీ పంపకుండా దాని డిజిటల్ ముద్రను మాత్రం ఇచ్చి, అందులో చేరిన వేదికల మీద అది పాకకుండా ఆపొచ్చు. ఈ రెండు మార్గాలూ ఆమెకు తెలియాలి. ఫిర్యాదు తీసుకునేవారు ఆమెను ముందుగా ఫొటో ఎందుకు పెట్టావని అడగకూడదు.