ఊపిరిని కనిపెట్టుట

శ్రీకాకుళ, విజయనగర ప్రాంతములవారు పెద్ద శస్త్రచికిత్స యనగానే విశాఖపట్టణము తలచుట పాత అలవాటు. 1923లో అచ్చట వైద్య కళాశాల వెలసెను. కోత మానుట యొక యెత్తు, మత్తు వదలిన రాత్రి రోగి ఊపిరి పీల్చుట మరియొక యెత్తు. స్థూలకాయునికి రెండవదే కష్టము. వెల్లకిల పరుండినచో పొట్టబరువు ఊపిరితిత్తులను క్రిందనుండి నొక్కును. వానిలో నిలువయుండు ప్రాణవాయువు తగ్గును.

మత్తు విషయమున తెలుగునేలకొక చరిత్ర కలదు. 1888, 1889లలో హైదరాబాదున క్లోరోఫారము సంఘములు కూడెను. ఆరవ నిజాము ధనమిచ్చెను. నాడిని గాక శ్వాసను కనిపెట్టవలెనని డాక్టరు ఎడ్వర్డు లారీ వాదించెను. లండను 'లాన్సెట్' పత్రిక పక్షమున వచ్చిన లాడర్ బ్రంటన్ ఔననెను. క్లోరోఫారము గుండెనే నేరుగా ఆపగలదని 1911లో లెవీ చూపగా లారీ వాదము వీగెను. అయినను శ్వాసను చూడుమన్న మాట వ్యర్థము కాలేదని నా అభిప్రాయము.

ప్రాణవాయువును కొలతప్రకారము ఇచ్చు పద్ధతిని 1917లో హాల్డేన్ వివరించెను; విషవాయువు సోకిన సైనికులకది ఉపకరించెను. రక్తమున దాని పాలును వ్రేలికొననుండి తెలుపు సూత్రమును జపానులో అవొయాగి 1974లో కనుగొనెను. కాని వ్రేలిపై అంకె బాగున్నంత మాత్రమున చాలదు. ప్రాణవాయువు ధారాళముగా అందుచుండగనే, ఊపిరి మందగించిన స్థూలకాయుని రక్తమున బొగ్గుపులుసు వాయువు పేరుకొనవచ్చును. అంకె దానిని కప్పిపుచ్చును. కొందరికి ఒత్తిడితో గాలినిచ్చు ముసుగు వలసివచ్చును. సిడ్నీలో సల్లివాన్ 1981లో ఆ పద్ధతిని నిద్రలో ఊపిరి ఆగువారికై ప్రకటించెను.

మనవారు ప్రేమకొద్దీ తలగడ తీసి రోగిని చదునుగా పరుండబెట్టుదురు. నర్సు వచ్చి మంచము తలవైపు మరల ఎత్తును.