విరిగిన కాలికి చట్టం కట్టిన వెల

సంగారెడ్డి జిల్లా కోర్టులో మోటారు ప్రమాద పరిహారం కేసును వకీలు మొదలు కక్షిదారు దాకా అందరూ 'ఓపీ' అనే అంటారు. ఓపీ వేయడానికి వచ్చే కుటుంబం చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. ఎఫ్ఐఆర్ నకలు, పంచనామా, సర్కారు దవాఖానలో రాసిచ్చిన గాయాల సర్టిఫికెట్, హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసినచోటి డిశ్చార్జి కాగితం, మందుల బిల్లులు, ఎక్స్‌రే ఫిల్ములు. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం కర్మాగారాల్లో కాంట్రాక్టు కింద పనిచేసే మనిషిదైతే మాత్రం అందులో జీతం కాగితం చాలాసార్లు కనబడదు. రోడ్డు మీద గాయపడ్డవాళ్ల కోసం ఈ దేశంలో చట్టం ఎనభై ఏళ్లుగా ఒక్కో మెట్టూ దిగి వచ్చింది. ఆ చివరి మెట్టు మీద ఇప్పటికీ ఆ ఒక్క కాగితమే అడ్డం నిలబడి ఉంది.

రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ వచ్చాక ఈ ప్రాంతం రూపు మారడం మొదలైంది. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు గెలిచారు. ఆ కాలంలోనే మందుల, రసాయనాల, ఇనుము ఫ్యాక్టరీలు వరసగా పెరిగాయి. వీటన్నిటికీ దారి ఒకటే. ఒకప్పటి 9వ నంబరు, ఇప్పటి 65వ నంబరు జాతీయ రహదారి. జనం నోట ముంబై హైవే. కార్మికుడి అద్దె గది ఇస్నాపూర్‌లోనో ముత్తంగిలోనో ఉంటుంది, పని గేటు రోడ్డుకు ఆవల ఉంటుంది. షిఫ్టు మారే వేళ ట్యాంకర్లు, లారీలు, కంపెనీ బస్సులు, షేర్ ఆటోలు, బైకులు, నడిచేవాళ్లు అందరూ ఒకే తారు మీదకు వస్తారు.

1939 మోటారు వాహనాల చట్టం ఉన్నా, ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి బీమా తప్పనిసరి అయింది 1946 జులై 1 నుంచి. 1956 సవరణతో క్లెయిమ్స్ ట్రైబ్యునళ్లకు దారి పడింది. అంతకుముందు మామూలు సివిల్ దావాయే గతి. ట్రైబ్యునల్ వచ్చినా అసలు చిక్కు తీరలేదు. డ్రైవరు నిర్లక్ష్యం రుజువైతేనే పైసలు వస్తాయని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. రాత్రి షిఫ్టు దిగి చీకట్లో రోడ్డు దాటుతున్న మనిషిని బండి గుద్దితే సాక్షిని ఎక్కడి నుంచి తేవాలి? ఆ ప్రశ్నకు 1982లో పార్లమెంటు కొంత జవాబిచ్చింది. తప్పెవరిదని అడగకుండా, చనిపోతే 15,000, శాశ్వత వైకల్యం వస్తే 7,500 రూపాయలు. 1994 నాటికి అవి 50,000, 25,000 అయ్యాయి. 2019 సవరణ వాటి స్థానంలో మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు పెట్టింది, 2022 ఏప్రిల్ 1 నుంచి అవి అమల్లోకి వచ్చాయి. అయితే ఈ మొత్తం ఒప్పుకొని తీసుకుంటే ఓపీ దారి మూసుకుపోతుంది. సంతకం పెట్టే ముందు వకీలును అడగడం అందుకే అవసరం.

డబ్బు సంగతి తర్వాత, ముందు ప్రాణం నిలవాలి. ఒక స్కూటరిస్టును కారు గుద్దింది. దగ్గరి ఆసుపత్రివాళ్లు, పోలీసు కేసులు మేం చూడం, 20 కిలోమీటర్ల అవతల ఉన్న మరో ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నారు. దారిలోనే ప్రాణం పోయింది. ఆ వార్త చదివి పరమానంద్ కటారా అనే వ్యక్తి సుప్రీంకోర్టుకు వెళ్లారు. ముందు వైద్యం, తర్వాతే పోలీసు లాంఛనాలని 1989 ఆగస్టు 28న తీర్పు వచ్చింది. సర్కారుదైనా ప్రైవేటుదైనా ఏ డాక్టరూ కాదనడానికి వీల్లేదు. మన దగ్గర ఆ తీర్పుకు కాళ్లొచ్చింది 2005 ఆగస్టు 15న, హైదరాబాద్‌లో 108 అంబులెన్సు మొదలైనప్పుడు. ఒక ఫోనుతో, పైసా ఖర్చు లేకుండా బండి వస్తుందన్న నమ్మకం తెలుగు నేల మీదే పుట్టి ఇతర రాష్ట్రాలకు పాకింది. ఇది మనం గర్వంగా చెప్పుకోదగ్గ సంగతి.

రోడ్డు మీద పడి ఉన్నవాణ్ణి ఆసుపత్రికి చేర్చినవాళ్లను పోలీసులు వేధించకూడదన్న మార్గదర్శకాలకు 2016 మార్చి 30న సుప్రీంకోర్టు చట్టబలం ఇచ్చింది. 2025 మే 5న కేంద్రం నగదు రహిత వైద్య పథకాన్ని ప్రకటించింది. ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల దాకా, లక్షన్నర రూపాయల వరకు, పథకంలో చేరిన ఆసుపత్రుల్లో చేతి నుంచి కట్టాల్సిన పని లేదు. పేద, ధనిక తేడా లేదు, గుద్దిన బండికి ఇన్సూరెన్సు ఉందా లేదా అన్న ప్రశ్నా లేదు. అడ్వాన్సు కట్టమని కౌంటర్లో అడిగితే ఈ పథకం పేరెత్తి అడగాలి.

ఇక ఆ జీతం కాగితం. చనిపోయిన మనిషి కుటుంబానికి ఎంత ఇవ్వాలన్న లెక్కకు 2009 నాటి సరళా వర్మ తీర్పు, 2017 నాటి ప్రణయ్ సేఠి తీర్పు ఆధారం. లెక్క దగ్గరగా చూద్దాం. 32 ఏళ్ల కాంట్రాక్టు కార్మికుడు, నెలకు 12,000 సంపాదన, ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అనుకుందాం. రాబోయే రోజుల్లో పెరిగే సంపాదన కింద 40 శాతం కలిపితే 16,800. నలుగురు ఆధారపడ్డారు గనక అతని సొంత ఖర్చుకు నాలుగో వంతు తీసేస్తే 12,600. ఏడాదికి 1,51,200. ఆ వయసుకు గుణకం 16. మొత్తం 24,19,200 రూపాయలు. ఇప్పుడు ఆ 12,000కు రుజువు లేదనుకోండి. బీమా కంపెనీ వకీలు అభ్యంతరం చెబుతారు, ట్రైబ్యునల్ ఊహించి 8,000 వేస్తుంది అనుకుందాం. అదే లెక్క 16,12,800 దగ్గర ఆగుతుంది. కాంట్రాక్టరు పైసలు బ్యాంకులో వేయకుండా చేతికిచ్చినందుకు ఆ పిల్లలు పోగొట్టుకునేది 8 లక్షలకు పైనే. ఇది నాకు అన్నిటికన్నా పెద్ద అన్యాయంగా కనిపిస్తుంది. ఎందుకంటే ఇందులో చట్టం తప్పు లేదు, చనిపోయినవాడి తప్పు అసలే లేదు.

బతికి బయటపడ్డవాళ్లకు 2010 అక్టోబరులో జస్టిస్ ఆర్.వి. రవీంద్రన్ రాసిన తీర్పు పెద్ద అండ. డాక్టరు రాసే వైకల్య శాతం వేరు, సంపాదించే శక్తి పోయిన శాతం వేరని ఆ తీర్పు విడమరిచింది. ఎడమ చెయ్యి పోయిన గుమాస్తా ఉద్యోగంలో కొనసాగవచ్చు, అదే చెయ్యి పోయిన డ్రైవరుకో వడ్రంగికో బతుకుదెరువే పోతుంది. మెషీను మీద నిలబడి పనిచేసే మనిషికి మోకాలు వంగకపోతే ఎంత నష్టమో సర్టిఫికెట్‌లోని అంకె చెప్పదు. అతను చేసే పని ఏమిటో సాక్ష్యంలో వివరంగా రావాలి.

ఈ ప్రాంతంలో కనిపించే మరో చిక్కు డీసీఎం అనే సరుకు వ్యాను. ఆ వ్యాన్లలో కూలీలు ఎక్కడం ఇక్కడ రోజూ కనిపించేదే. సరుకు బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికుడికి బీమా కంపెనీ బాధ్యత లేదని 2002 డిసెంబరులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచి తేల్చింది. సరుకు యజమానికి, బండి యజమాని పెట్టుకున్న హమాలీకి రక్షణ ఉంది. అందుకే ఇలాంటి ఓపీల్లో వాదన అంతా అతను హమాలీయా, ఉత్తగా ఎక్కినవాడా అన్న దాని చుట్టూ తిరుగుతుంది. కొన్ని కేసుల్లో ముందు కంపెనీ కట్టి, తర్వాత యజమాని దగ్గర రాబట్టుకొమ్మని కోర్టులు చెప్పాయి.

ఈఎస్ఐ కార్డు ఉన్నవాళ్లకు ఇంకో తలుపు ఉంది. ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి వచ్చే దారిలో జరిగిన ప్రమాదాన్నీ పనిలో జరిగినట్టే చూడాలని 2010లో ఈఎస్ఐ చట్టంలో చేర్చారు. అదే సూత్రం ఉద్యోగుల పరిహార చట్టానికీ వర్తిస్తుందని 2025 జులై 29న సుప్రీంకోర్టు చెప్పింది. మహారాష్ట్రలో ఒక చక్కెర ఫ్యాక్టరీ వాచ్‌మన్ తెల్లవారుజామున డ్యూటీకి పోతూ 2003లో చనిపోయాడు. 22 ఏళ్ల తర్వాత అతని కుటుంబానికి ఆ న్యాయం దక్కింది. నెలకు 21,000 లోపు జీతం ఉన్న కార్మికుడికి రామచంద్రాపురం ఈఎస్ఐ ఆసుపత్రి ఎంత దగ్గరో, ఈ హక్కు అంత దూరంగా ఉండిపోయింది. తన పేరు మీద ఈఎస్ఐ నంబరు ఉందో లేదో చాలామందికి తెలియదు.

2025 జూన్ 30న పాశమైలారం సిగాచి ఫ్యాక్టరీ పేలుడులో 50 మందికి పైగా పోయారు. ముఖ్యమంత్రి వచ్చారు, కుటుంబానికి కోటి అన్న ప్రకటన వచ్చింది, దేశమంతా మాట్లాడింది. రావాల్సిందే. అదే ఫ్యాక్టరీల గేట్ల ముందు రోడ్డు మీద ఒక్కొక్కరుగా పోయేవాళ్ల దగ్గరకు ఎవరూ రారు. గుద్దిన బండి దొరకనివాళ్ల పరిస్థితి మరీ దయనీయం. వాళ్లకు ఇప్పుడు చట్టం ఇచ్చేది మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000. తహసీల్దారు, ఆర్డీవో దగ్గర దరఖాస్తు పెట్టాలన్న సంగతి కుటుంబానికి పోలీసులే చెప్పాలని 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది.

ఇంకా నన్ను కలవరపెట్టేది గడువు. 1988 చట్టం ఓపీ వేయడానికి ఆరు నెలలు ఇచ్చింది, సరైన కారణం చూపితే ఏడాది. పేదవాడికి ఇది పనికిరాదని గ్రహించి 1994లో పార్లమెంటు గడువునే ఎత్తేసింది. పాతికేళ్లకు 2019 సవరణ ఆ ఆరు నెలలను మళ్లీ తెచ్చి పెట్టింది. 2025 నవంబరులో సుప్రీంకోర్టు, గడువు దాటిందన్న ఒక్క కారణంతో పిటిషన్లు కొట్టేయవద్దని ట్రైబ్యునళ్లకు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. తొడ ఎముకకు రాడ్డు వేయించుకున్నవాడు ఆరు నెలలకు ఇంకా కర్ర పట్టుకునే నడుస్తుంటాడు. రాడ్డు తీయించుకునే రెండో ఆపరేషన్ చాలామందికి ఏడాది దాటాకే. వైకల్యం ఎంతో డాక్టరు తేల్చేది కూడా గాయం కుదురుకున్నాకే. పార్లమెంటు ఆ ఆరు నెలలను మళ్లీ ఎత్తేయాలి.