నొప్పికి స్విచ్ ఉండదు

కుష్ఠు వస్తే వేళ్ళు కుళ్ళి రాలిపోతాయని చాలాకాలం అందరూ నమ్మారు. జనమే కాదు, డాక్టర్లు కూడా. 1873లో నార్వేలో హాన్సెన్ ఆ జబ్బుకి కారణమైన బాక్టీరియాని కనిపెట్టాడు. అయినా వేళ్ళు ఎందుకు పోతున్నాయన్న ప్రశ్నకి గట్టి జవాబు రావడానికి ఇంకో 75 ఏళ్ళు పట్టింది. ఆ జవాబు దొరికింది మనకి దగ్గర్లోనే, వెల్లూరులో. పెద్ద జబ్బు చేస్తే రైలెక్కి వెళ్ళే ఊరుగానే మనలో చాలామందికి వెల్లూరు తెలుసు. మనిషికి నొప్పి ఎందుకు అవసరమో తేల్చిన ఊరుగా కూడా దాన్ని గుర్తుపెట్టుకోవాలని నాకనిపిస్తుంది.

పాల్ బ్రాండ్ 1914లో తమిళనాడులోని కొల్లి కొండల్లో పుట్టాడు. మిషనరీల కొడుకు. మెడిసిన్‌లో చేరకముందు లండన్‌లో కొన్నేళ్ళు వడ్రంగం, ఇళ్ళు కట్టే పని నేర్చుకున్నాడు. 1946లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి సర్జన్‌గా వచ్చాడు. మరుసటేడు చెంగల్పట్టులో కుష్ఠు ఆసుపత్రి చూడ్డానికి వెళ్ళాడు. అక్కడ వేళ్ళు కొంకర్లుపోయిన ఒక రోగిని, తన చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కమన్నాడు. పట్టు ఎలాగూ ఉండదనుకున్నాడు. ఆ మనిషి నొక్కితే ప్రాణం పోయినంత పనైంది. 

అంటే చేతిలో కండబలం ఉంది. లేనిది స్పర్శ. తను ఎంత గట్టిగా నొక్కుతున్నాడో ఆ రోగికి తెలీదు. అతని చేతికి తెలియాల్సింది బ్రాండ్ చేతికి తెలిసింది.

ఈ బాక్టీరియా శరీరంలో చల్లగా ఉండే చోట్లలో బాగా పెరుగుతుంది. అందుకే ముఖం, చేతులు, కాళ్ళలో చర్మానికి దగ్గరగా ఉండే నరాలు దానికి దొరుకుతాయి. మోచెయ్యి గోడకి తగిలితే జిల్లుమనే నరం ఉంటుంది చూడండి, అది దెబ్బతింటే చిటికెనవేలు మొద్దుబారుతుంది, అరచేతిలో చిన్న కండరాలు చచ్చుబడి వేళ్ళు ముడుచుకుంటాయి. ముంజేతిలో మాత్రం కొన్ని కండరాలు నిక్షేపంగా ఉంటాయి. బ్రాండ్, ఆయన తోటి డాక్టర్లు ఆ మంచి కండరాల స్నాయువుల్ని దారి మళ్ళించి వేళ్ళకి కలిపారు. మూసుకుపోయిన చేతులు తెరుచుకున్నాయి.

అసలు కథ ఆ తర్వాత మొదలైంది. బాగుచేసిన చేతులకి మళ్ళీ పుళ్ళు పడుతున్నాయి. రోగులకి వడ్రంగం నేర్పుతూ, ప్రతి గాయానికీ కారణం ఏమిటా అని వెతకడం మొదలుపెట్టారు. మా వృత్తిభాషలో చెప్పాలంటే, ప్రతి బగ్‌కీ లాగ్ తిరగేశారు. పెచ్చులేచిన సుత్తి పిడి, కాగుతున్న గిన్నె. నిప్పుల్లో పడ్డ దుంపని ఒకాయన వట్టి చేత్తో తీశాడు. బ్రాండ్ ఎంత తిప్పినా తిరగని తుప్పు తాళాన్ని ఒక కుర్రాడు సునాయాసంగా తిప్పేశాడు. చూస్తే వాడి వేలు ఎముక దాకా తెగి ఉంది. కొందరికి రాత్రికి రాత్రి వేలిముక్కలు మాయమయ్యేవి. కాపలా కాస్తే తెలిసింది, ఎలుకలు. కొరుకుతున్నా మనిషికి మెలకువ రాలేదు. ఆ తర్వాత ఇంటికి వెళ్ళే రోగులకి తోడుగా పిల్లినిచ్చి పంపేవారు.

జబ్బు తీసుకుంది స్పర్శని. వేళ్ళని తీసుకుంది రోజువారీ పని. పాపఫలం అంటూ ఊరి బయటకి నెట్టిన ఆ చేతుల మీద ఉన్నవి, చాలావరకు, కష్టం చేసుకుని బతికిన గుర్తులు. ఈ చరిత్రలో నన్ను బాగా కదిలించింది ఈ మాటే.

1966లో బ్రాండ్ అమెరికాకి, లూయిజియానా రాష్ట్రంలో కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి మారాడు. అక్కడ ఇంజినీర్లతో కలిసి ఏకంగా కృత్రిమ నొప్పినే తయారుచెయ్యబోయాడు. గ్లవ్స్‌లో సెన్సర్లు పెట్టారు. ఒత్తిడి హద్దు దాటితే చెవిలో శబ్దం వస్తుంది. రోగులు విన్నారు గానీ పని ఆపలేదు. సరే అని, స్పర్శ మిగిలిన చోట, చంకలో, చిన్న కరెంటు షాక్ ఇచ్చి చూశారు. షాక్ కొడుతుందని తెలిసిన పని చేసేముందు స్విచ్ ఆపేసి, పనయ్యాక మళ్ళీ వేసుకునేవాళ్ళు! చివరికి ఆ ప్రయత్నం వదిలేశారు.

సర్వర్ల అలర్ట్‌ల మధ్య ఉద్యోగం చేసే ఎవరికైనా ఇది చదివితే నవ్వొస్తుంది. అర్ధరాత్రి ఫోన్ మోగితే చెయ్యి ముందు వెళ్ళేది మ్యూట్ మీదకే. ఆ రోగులు తెలివితక్కువవాళ్ళేం కాదు. అలర్ట్ అంటే సమాచారం, దాన్ని పక్కన పెట్టచ్చు. నొప్పి మన అనుమతి అడగదు. పైగా, స్పర్శ పోయిన చేతుల గురించి రోగులు పరాయి పనిముట్ల గురించి మాట్లాడినట్టు మాట్లాడేవారని బ్రాండ్ రాశాడు. ఈ చెయ్యి నాది అనిపించడంలో నొప్పికీ వాటా ఉందన్నమాట. 2021లో డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్‌లకి నోబెల్ వచ్చింది. వేడికీ, మిరపకాయ మంటకీ స్పందించే గ్రాహకం ఏదో, ఒత్తిడికి తెరుచుకునేవి ఏవో వాళ్ళ పని వల్ల తెలిసింది. సెన్సర్లు దొరికాయి. కార్విల్‌లో ఓడిపోయింది మాత్రం సెన్సర్ కాదు, స్విచ్.

అయితే బ్రాండ్‌తో నాకొక పేచీ ఉంది. 1993లో ఫిలిప్ యాన్సీతో కలిసి రాసిన పుస్తకానికి ఆయన పెట్టిన పేరులోనే నొప్పి ఎవరూ కోరుకోని కానుక. ఏళ్ళ తరబడి నడుంనొప్పితో నిద్రలేని మనిషికి ఆ మాట ఎలా చెప్తాం? హెచ్చరిక అందిన తర్వాత కూడా మోగుతూనే ఉండే నొప్పి ఎవరికి కానుక? ఆపే స్విచ్ లేకపోవడమే నొప్పి బలం, దాని క్రూరత్వం కూడా అదే. నొప్పి లేక పాడైన చేతుల్ని జీవితమంతా చూసినవాడు మొదటిదాన్ని ఎక్కువ చూడటంలో ఆశ్చర్యం లేదు.

షుగర్ ఉన్నవాళ్ళకి మన డాక్టర్లు చెప్పే మెత్తటి ఎంసీఆర్ చెప్పులు, కుష్ఠు రోగుల పాదాల కోసం వెల్లూరులోనూ పక్కనున్న కరిగిరిలోనూ జరిగిన పనికి రుణపడి ఉన్నాయి. షుగర్ కూడా అరికాళ్ళలో స్పర్శని మెల్లగా తీసేస్తుంది. మా నాన్న రోజూ పడుకునేముందు అద్దం పెట్టుకుని పాదాలు చూసుకుంటాడు. నరం చెప్పడం మానేశాక, కళ్ళు వెళ్ళి అడగాల్సిందే.