చెన్నపురి మిద్దెలు, బర్మా టేకు

జార్జిటౌనులో గోవిందప్ప నాయకుని వీథిలోగాని, తంబుచెట్టి వీథిలోగాని మిగిలియున్న పాతయింటిలోనికి పోయి తలయెత్తి చూచినచో, సాధారణముగా వరుసగా పరచిన టేకు దూలములు కనబడును. ఆ దూలముల వెనుక తెలుగువారి చరిత్ర కొంత యున్నది. మన సంచికలలో దుబాసుల గూర్చియు, ధర్మకర్తల గూర్చియు వ్రాసినంతగా దానినిగూర్చి ఎవరును వ్రాయలేదని నా తలంపు.

ఈ పేట చరిత్ర పాఠకులకు తెలిసినదే. కోటను ఆనుకొని యుండిన పాత నల్లపట్టణములో కొంతభాగము, 1746లో ఫ్రెంచివారు కోటను పట్టుకొన్న పిమ్మట, నేలమట్టమైనది. మిగిలినదానిని తరువాత ఇంగ్లీషువారే తొలగించి బయలు గావించిరి. ముత్యాలపేట, పెద్దనాయకునిపేటలు కొత్త నల్లపట్టణమై, ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో జార్జిటౌను అను పేరు పొందినవి.

ఇచట సముద్రము కూతవేటు దూరము. ఉప్పుగాలికి, చెదలకు, కార్తీకపు వానల చెమ్మకు తట్టుకొను కఱ్ఱ కావలెను. పల్లెలలో మనవారు తాటిదూలములు, వేప, మద్ది, వేగిస వాడెడివారు. పెంకుటింటికి అవి చాలును. చెన్నపురి మిద్దె అట్టిది కాదు. దూలములపై చిన్న ఇటుకలను అంచుమీద నిలిపి, మూలవాటుగా సున్నముతో పేర్చి, పైన ఇటుకజల్లి సున్నము పోసి దిమ్మిసకొట్టుదురు. దీనినే ఇంజనీర్లు మద్రాసు టెర్రసు అందురు. ఆ బరువును తరతరములు మోయుచు వంకరపోని కఱ్ఱ టేకు. దానిలో సహజమైన నూనె కలదు గనుక చేవభాగమును చెద అంతగా ముట్టదు. ఓకు కఱ్ఱలోని పులుపు ఇనుపమేకును తినివేయును. టేకులో ఆ బాధ లేదు. ఓడలు కట్టువారు దానికై ఎగబడుట ఇందుకే. ఆ యెగబాటువలన మలబారు అడవులు తరిగిపోగా, కలెక్టరు కనోలీ 1840 ప్రాంతములలో నిలంబూరున టేకు తోటలు వేయించెను.

ఇంతలో బర్మా ద్వారము తెరువబడెను. ఇంగ్లీషువారు 1826లో తెనాసెరిమును, 1852లో పెగూను, 1885లో ఎగువ బర్మాను ఆక్రమించిరి. అచటి పద్ధతి వినదగినది. పచ్చిటేకు నీట మునుగును. అందుచే చెట్టు మొదట చుట్టును బెరడును, పైచెక్కను నరికి, రెండుమూడేండ్లు నిలువుననే ఎండనిచ్చెడివారు. పిమ్మట పడగొట్టి, ఏనుగులచే వాగులకు ఈడ్పించి, వరదనీట వదలెడివారు. అది తెప్పలుగా రంగూను, మౌల్మీను చేరెడిది. దుంగ కోతకు వచ్చుటకు ముందే చాలవరకు ఆరి యుండెడిది.

రంగూను రేవులో బరువులు మోసినవారిలో, కోతమిల్లులలోను బియ్యపుమిల్లులలోను పాటుపడినవారిలో పెక్కుమంది కాకినాడ, విశాఖపట్టణము రేవులలో ఓడలెక్కిన తెలుగువారు. బర్మావారు వారిని కోరంగీలని పిలిచెడివారు. గోదావరి పాయకడనున్న కోరంగి రేవు పేరది. పోనుపోను తెలుగు కూలీకి తిట్టుపేరైనది. 1930 మేలో రేవు కూలీల సమ్మె పిదప చెలరేగిన కొట్లాటలో వీరు ఎందరో చంపబడిరి. 1942లో జపానువారు రంగూనును పట్టుకొనగా లక్షలకొలది భారతీయులు బర్మాను విడిచిరి. అడవిదారుల నడచుచు దారిలోనే అసువులు బాసినవారికి లెక్క లేదు. మన పట్టెమంచములకు, ద్వారబంధములకు, దూలములకు రంగూను టేకని గొప్పగా చెప్పుకొనునప్పుడు వీరి మాట తలపునకు రాకపోవుట న్యాయము కాదు.

ఇప్పుడు ఆ యిండ్లు ఒక్కొక్కటిగా పడిపోవుచున్నవి. మ్యాన్మా ప్రభుత్వము 2014 ఏప్రిలు 1 నుండి ముడిదుంగల ఎగుమతిని నిషేధించినది. నేడు అంగళ్లలో దొరకు టేకులో ఆఫ్రికా, దక్షిణ అమెరికా తోటలనుండి దిగుమతియైనది చాలగలదు. లేతవయసున కొట్టిన చెట్టులో చేవ తక్కువ, తెల్లని పైచెక్క యెక్కువ. ఆ పైచెక్కను, టేకైనను, చెద విడువదు. కాబట్టి కొత్తయిల్లు కట్టువారు పాతయింటి దూలములను పాతకఱ్ఱ వర్తకునికి అయినకాడికి అమ్మక, తలుపులకో కిటికీలకో కోయించుకొనుట మేలు. గోడలో దాగియుండిన కొనలు ముందుగా చివుకును గనుక రెండు కొనలను ఉలితో గీచి చూడవలెను. మేకులన్నియు ఊడబెఱికిన పిదపనే ఱంపమునకు పంపవలెను. లేనిచో ఱంపపు పండ్లు విఱుగును, మిల్లువాడు దూలము ముట్టనని తిప్పిపంపును.