సున్నంతో కాలిన కంటికి మూలకణాల చికిత్స: హైదరాబాద్‌లో రూపొందిన సులభ విధానం

కంటిలో సున్నం, ఆమ్లం వంటి రసాయనాలు పడి ఒక కన్ను దెబ్బతిన్నవారికి, ఆరోగ్యంగా ఉన్న రెండవ కంటి నుండి తీసిన అతి చిన్న కణజాలంతో కంటి పైపొరను తిరిగి పెంచే శస్త్రచికిత్స హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో రూపొందింది. కణాలను పెంచే ప్రయోగశాల అవసరం లేకపోవడం ఈ విధానం ప్రత్యేకత. వివరాలు ఈ క్రింది విధంగా ఉన్నాయి.

గాయం స్వభావం

నల్లగుడ్డుపై ఉండే పారదర్శక పొరను కార్నియా అంటారు. దాని పైపొర కణాలు నిరంతరం రాలిపోతూ, వాటి స్థానంలో కొత్తవి ఏర్పడుతుంటాయి. నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచున ఉండే మూలకణాలే ఇందుకు ఆధారం. ఈ అంచు కాలిపోయినచో గాయం సక్రమంగా మానదు. తెల్లగుడ్డుపై ఉండే పొర రక్తనాళాలతో సహా కార్నియా మీదికి వ్యాపించి చూపును కప్పివేస్తుంది. అటువంటి కంటికి దాత కార్నియాను మాత్రమే అమర్చినప్పటికీ, పైపొరను పోషించే మూలకణాలు లేనందున అది సాధారణంగా నిలువదు.

పరిశోధన క్రమం

ప్రయోగశాలలో పెంచిన మూలకణాల పొరతో ఇద్దరు రోగులకు చికిత్స చేసిన వివరాలను ఇటలీ శాస్త్రవేత్తలు 1997లో ప్రచురించారు. ఈ తరహా చికిత్సను హైదరాబాద్ సంస్థ 2001లో చేపట్టింది. 200 కళ్లకు జరిపిన చికిత్స ఫలితాలను 2011లో వెల్లడించగా, 71 శాతం విజయవంతమైనట్లు తేలింది. అయితే కణాలను పెంచడానికి సుమారు రెండు వారాల సమయం, ఖరీదైన ప్రయోగశాల, రెండు పర్యాయాల శస్త్రచికిత్స అవసరమయ్యేవి. ఈ ఇబ్బందులను తొలగించే విధానాన్ని డాక్టర్ వీరేందర్ సాంగ్వాన్, ఆయన సహచరులు 2012లో ఆరుగురు రోగుల ఫలితాలతో ప్రకటించారు.

చికిత్స విధానం

ఆరోగ్యవంతమైన కంటి అంచు నుండి సుమారు 2 మిల్లీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల వెడల్పు గల కణజాలాన్ని తీస్తారు. దెబ్బతిన్న కంటిపై పెరిగిన పొరను తొలగించి, మాయ నుండి సేకరించి శుద్ధి చేసిన పలుచని పొరను పరుస్తారు. కణజాలాన్ని చిన్న ముక్కలుగా కోసి, ఫైబ్రిన్ జిగురుతో ఆ పొరపై అతికిస్తారు. ముక్కల నుండి కణాలు కంటిపైనే విస్తరించి కొత్త పైపొరగా ఏర్పడతాయి. మొత్తం ప్రక్రియ ఒకే పర్యాయంలో పూర్తవుతుంది. 2016లో ప్రచురించిన అధ్యయనంలో 125 మంది రోగులలో 95 మందికి, అనగా 76 శాతం మందికి, ఇది సఫలమైంది.

పరిమితులు

రెండు కళ్లూ దెబ్బతిన్నచో సమీప బంధువు లేదా దాత కణజాలంపై ఆధారపడవలసి ఉంటుంది. అప్పుడు శరీరం దానిని తిరస్కరించకుండా రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు అవసరమవుతాయి. లోతైన మచ్చ ఉన్నవారికి తదుపరి కార్నియా మార్పిడి అవసరం కావచ్చు.

తక్షణ జాగ్రత్తలు

తాంబూలంలో వాడే సున్నం పొట్లాలు పిల్లల చేతుల్లో చిట్లి కళ్లలో పడుతున్న ఉదంతాలు వైద్యుల దృష్టికి వస్తున్నాయి. సున్నం క్షారమైనందున కంటి లోపలి పొరలలోనికి త్వరగా చొచ్చుకుపోతుంది. కావున:

• క్షణమైనా ఆలస్యం చేయకుండా శుభ్రమైన నీటితో కనీసం 15 నుండి 30 నిమిషాలపాటు కంటిని ధారగా కడగాలి.
• కంటిని నలపరాదు. చనుబాలు, ఆముదం, ఆకుపసరు వంటివి వేయరాదు.
• కడిగిన వెంటనే నేత్ర వైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి. రెప్పల క్రింద మిగిలిన సున్నపు రేణువులను తొలగించడం తప్పనిసరి.
• సున్నం పొట్లాలను, డబ్బాలను పిల్లలకు అందకుండా ఉంచాలి.