రషాన్ సలాం యాద్‌లో



2016 డిసెంబర్ 6 రాత్రి నేను డెస్క్‌లో ఉన్నాను. అంతకు ముందు రాత్రి చెన్నైలో జయలలిత ఇంతెకాల్ అయ్యారు. ఆ సాయంత్రమే మెరీనా తీరాన ఖననం. మొదటి పేజీ, లోపలి పేజీలు, ఎడిట్ పేజీ అన్నీ అటే. స్పోర్ట్స్ పేజీని కూడా సగం కోసేశారు. ఆ గందరగోళంలో ఏజెన్సీ నుంచి చిన్న ఖబర్ ఒకటి వచ్చింది. అమెరికాలో మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు రషాన్ సలాం మరణం, వయసు 42, కొలరాడో రాష్ట్రం బౌల్డర్ నగరంలోని ఓ పార్కులో శవం దొరికింది. నా కళ్లు పేరు దగ్గరే ఆగిపోయాయి. సలాం! మన ఇళ్లలో పొద్దున లేస్తే నోట్లోంచి వచ్చే మొదటి లఫ్జ్ అది.

ఆ ఖబర్ వాడలేదు. మన పాఠకులకు అమెరికా ఫుట్‌బాల్ ఎందుకులే అనుకున్నాను. తప్పు ఎవరిదో కాదు, నాదే. ఇన్నేళ్ల తర్వాత ఆ కర్జు తీర్చుకుంటున్నాననుకోండి.

ముందు ఆ ఆట సంగతి. మనం ఫుట్‌బాల్ అనేది, అంటే సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ హైదరాబాద్ కుర్రాళ్లకు నేర్పింది, వేరు. అమెరికా వాళ్ల ఫుట్‌బాల్‌లో కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తుతారు. అందులో రన్నింగ్ బ్యాక్ అంటే మన కబడ్డీలో కూతకెళ్లే వాడు గుర్తుకొస్తాడు. ఎదురుగా 11 మంది. వాళ్లలో చాలామంది వంద కిలోల పైనే. వాళ్ల మధ్య సందు చూసుకుని దూరాలి, దొరికితే కింద పడాలి, లేచి మళ్లీ దూరాలి. ఎన్ని గజాలు ముందుకు పోయాడన్నదే వాడి హిసాబ్ కితాబ్. అక్కడ కాలేజీ ఆటకు ఉన్న దీవానగీ మనకు ఐపీఎల్‌కు కూడా లేదంటే నమ్మండి. ఒక్కో యూనివర్సిటీ స్టేడియంలో యాభై వేల నుంచి లక్ష మంది. జీతాల లీగుకు పోకముందే కుర్రాళ్లు హీరోలైపోతారు. ఏడాదికొక్కడికి, ఆ ఏటి మేటి ఆటగాడికి, హైజ్‌మన్ ట్రోఫీ ఇస్తారు. 1935 నుంచీ ఇస్తున్నారు.

1994లో అది రషాన్ సలాంకు వచ్చింది. కొలరాడో యూనివర్సిటీకి అదే మొదటి హైజ్‌మన్. రెండోది రావడానికి 30 ఏళ్లు పట్టింది. 2024లో ట్రావిస్ హంటర్‌కు వచ్చింది.

అతని పేరు వెనక కూడా తారీఖ్ ఉంది. తండ్రి పుట్టినప్పటి పేరు హెరాల్డ్ వాషింగ్టన్, అందరూ టెడ్డీ అనేవారు. ఆయన కూడా రన్నింగ్ బ్యాకే. 1968లో సిన్సినాటి బెంగాల్స్ జట్టులో ఆడాడు. ఇస్లాం కబూల్ చేశాక సుల్తాన్ సలాం అయ్యాడు. 1964లో కాసియస్ క్లే ముహమ్మద్ అలీ అయిన తర్వాత వచ్చిన తరం అది. గులామీ కాలంలో దొరలు పెట్టిన ఇంటిపేర్లు వదిలేసి ఎంతోమంది నల్లజాతి వాళ్లు అరబ్బీ పేర్లు ఎంచుకున్నారు. ఒరెగాన్‌లో రన్నింగ్ బ్యాక్‌గా పేరు తెచ్చుకున్న బాబీ మూర్ అహ్మద్ రషాద్ అయ్యాడు. బాస్కెట్‌బాల్‌లో లూ ఆల్సిండర్ కరీం అబ్దుల్ జబ్బార్ అయ్యాడు. వాళ్లు పేరు మార్చుకున్నవాళ్లు. మన రషాన్ ఆ పేరుతోనే పుట్టినవాడు, 1974 అక్టోబర్ 8న, కాలిఫోర్నియాలోని శాన్ డియేగోలో. ఈ తేడా చిన్నది కాదు. తండ్రి తన పసందుతో తెచ్చుకున్న పేరును కొడుకు పుట్టుకతోనే మోశాడు.

పెంపకమంతా తల్లి ఖలాదాది. కొడుకు చదువు పాడు కాకూడదని లా హోయాలోని ఓ ప్రైవేటు స్కూల్లో వేసింది. చిన్న స్కూలు, ఫుట్‌బాల్ జట్టుకు 11 మంది పిల్లలు కూడా దొరికేవారు కాదు. అందుకని 8 మంది ఆట ఆడేవారు. మన గల్లీల్లో ఆరుగురితో క్రికెట్ ఆడతాం చూడండి, అలాగన్నమాట. అక్కడ ఎన్ని గజాలు పరిగెత్తితే ఏం, అసలు ఆటలో నిలబడతాడా అని అనుమానించిన వాళ్లున్నారు. 1992లో బౌల్డర్ వచ్చాడు. రాకీ కొండల పాదాల దగ్గర ఊరు. ఫోల్సమ్ ఫీల్డ్ అని స్టేడియం, ఆట మొదలయ్యే ముందు రాల్ఫీ అనే నిజమైన అడవి బర్రె, బైసన్, మైదాన్‌లో పరుగు తీస్తుంది. జట్టు పేరే బఫలోస్.

కోచ్ బిల్ మెకార్ట్నీ గట్టి ఈసాయీ. క్రైస్తవ మగవాళ్ల కోసం ప్రామిస్ కీపర్స్ అనే తంజీమ్ పెట్టిన మనిషి. ఆయన టీములో ఓ ముస్లిం పేరు కుర్రాడు, 19వ నంబర్ జెర్సీ. సెప్టెంబర్ 24న మిషిగన్‌పై కార్డెల్ స్టీవర్ట్ ఆఖరి క్షణంలో 64 గజాల పాస్ విసిరితే మైకేల్ వెస్ట్‌బ్రూక్ అందుకుని 27-26తో గెలిపించాడు. ఆ సీజన్ అంటే లోకమంతటికీ ఆ పాసే యాద్. బౌల్డర్ వాళ్లను అడగండి, ముందు సలాం మాటే చెబుతారు. వారం తర్వాత టెక్సాస్ గడ్డ మీద 317 గజాలు పరిగెత్తాడు. మూడు పాయింట్లతో గెలిచారు.

ఇక నవంబర్ 19. సొంత మైదాన్‌లో అయోవా స్టేట్‌తో. సీజన్‌లో 2,000 గజాలు అంతకుముందు కాలేజీ ఆటలో ముగ్గురే దాటారు: మార్కస్ అలెన్, మైక్ రోజియర్, బ్యారీ సాండర్స్. నాలుగో క్వార్టర్‌లో బంతి చేతికొచ్చింది. నేను ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో. లైన్ దాటేదాకా ఏమీ కనపడదు, జెర్సీల గుంపు అంతే. హఠాత్తుగా గుంపులోంచి ఒక్కడు బయటికి వస్తాడు. నిటారుగా, పెద్ద పెద్ద అంగలు. వెనక వాళ్లు అందుకోలేరు. 67 గజాలు, టచ్‌డౌన్. ఆ ఒక్క పరుగుతో 2,000 దాటాడు. సీజన్ మొత్తం 298 సార్లు బంతి పట్టి 2,055 గజాలు, 24 టచ్‌డౌన్లు. 2,055 గజాలంటే దాదాపు 1,880 మీటర్లు. చార్మినార్ దగ్గర బయల్దేరి నయాపూల్ మీద మూసీ దాటి, అఫ్జల్‌గంజ్ కూడా దాటిపోయేంత దూరం. ప్రతి నాలుగడుగులకూ ఎవడో ఒకడు మీదపడి కొడుతుంటే!

అదే సాయంత్రం మెకార్ట్నీ సీజన్ అయ్యాక తప్పుకుంటానని ప్రకటించాడు. ఒక్క రోజులో ఖుషీ, గమ్ రెండూ. అందుకే ఆ తరం అభిమానులకు ఆ శనివారం మరపు రాలేదు.

ఆ తర్వాతి భాగం తొందరగా చెప్పేస్తాను. 1995లో షికాగో బేర్స్ తొలి రౌండ్‌లోనే తీసుకుంది. వాల్టర్ పేటన్ ఆడిన జట్టది, అక్కడ రన్నింగ్ బ్యాక్ అంటే ఆశలు ఆకాశంలో ఉంటాయి. మొదటి ఏడు 1,074 గజాలు, 10 టచ్‌డౌన్లు. కానీ బంతి 9 సార్లు జారవిడిచాడు. తర్వాత గాయాలు. గంజాయి అలవాటు కూడా తన ఆటను దెబ్బ తీసిందని తనే తర్వాత ఒప్పుకున్నాడు. ఆ సాఫ్‌దిలీ నాకు నచ్చింది. 1999కల్లా ఎన్‌ఎఫ్‌ఎల్ అయిపోయింది. మొత్తం 1,684 గజాలు. కాలేజీలో ఒక్క సీజన్‌లో చేసిన దానికంటే తక్కువ. అప్పటికి పాతికేళ్లు.

కొందరు రాతగాళ్లు అతన్ని నాకాం అని లిస్టుల్లో ఎక్కించారు. ఆ లఫ్జ్ వాడేముందు కాస్త ఆగాలి కదా. అతను బౌల్డర్ వైపు తిరిగొచ్చి, అక్కడి పిల్లల కోసం పనిచేసే ఓ సంస్థతో తిరిగాడు. పొగిడితే సిగ్గుపడేవాడని, తన గజాలన్నీ ముందు నిలబడి దారి చేసిన లైన్‌మెన్‌వే అనేవాడని సాథీలు చెబుతారు. హైజ్‌మన్ ట్రోఫీని బతికుండగానే అమ్మేశాడు. 2018 జనవరిలో అదే ట్రోఫీ వేలంలో 3,99,608 డాలర్లు పలికింది. అందులో కొంత తలదెబ్బల జబ్బుపై పరిశోధనకు పోయింది.

ఆ జబ్బే అసలు సవాల్. సీటీఈ అంటారు. తలకు ఏళ్ల తరబడి దెబ్బలు తగిలితే మెదడు లోపల చెడుతూ వస్తుంది. మతిమరుపు, దిగులు, కోపం. బతికుండగా ఖాయంగా చెప్పే పరీక్ష లేదు, మరణించాక మెదడును కోసి చూస్తేనే తెలుస్తుంది. రషాన్ సలాం తన ప్రాణం తనే తీసుకున్నాడు. జ్ఞాపకశక్తి తగ్గడం, డిప్రెషన్, ఈ లక్షణాలన్నీ తనలో కనిపించాయని సోదరుడు తర్వాత చెప్పాడు. అయినా మెదడు పరీక్షకు ఇంటివాళ్లు ఒప్పుకోలేదు. మా దీన్ ప్రకారం మయ్యత్‌ను కోయనివ్వం అన్నారు. బౌల్డర్‌లోనే ముస్లిం పద్ధతిలో సుపుర్దె ఖాక్ చేశారు.

ఇక్కడ నా మనసు రెండుగా ఉంటుంది. మయ్యత్ హుర్మత్ ఎంత పెద్దదో మన ఇళ్లలో చెప్పక్కర్లేదు. జరూరత్ ఉంటే పోస్టుమార్టం జాయిజే అన్న ఉలమా కూడా ఉన్నారు. పరీక్ష జరిగి ఉంటే ఆ ఆట ఆడే పిల్లల తల్లిదండ్రులకు ఇంకో సమాచారం దక్కేదేమో. కానీ కొడుకును పోగొట్టుకున్న తల్లి ముందు నిలబడి ఆ మాట అనే హిమ్మత్ నాకు లేదు. ఆమె ఇచ్చిన జవాబు ఆమె హక్కు.

ఇది రాయడానికి ఇంకో కారణం ఉంది. మా ఉర్దూ మీడియం స్కూల్లో నా పక్క బెంచీ వాడొకడు ఉండేవాడు. కబడ్డీలో వాడు కూతకెళితే స్కూలంతా నిలబడేది. మేం ముప్పైలలో ఉండగా వాడూ ఇలాగే వెళ్లిపోయాడు. జనాజాకు రెండు సఫ్‌లు కూడా నిండలేదు. హరామ్ మౌత్ అని వాకిట్లోనే గుసగుసలు. వాడి అమ్మీ అవన్నీ విన్నది. ఖుద్కుషీ గునాహే, అందులో బహస్ లేదు. కానీ అలాంటి వాడికీ జనాజా నమాజ్ చదవాలన్నదే జమ్హూర్ ఉలమా మాట, మగ్ఫిరత్ కోసం దువా మానమని వాళ్లు చెప్పలేదు. మేం మానేశాం. నేను కూడా వెనక వరసలో నిలబడి, అమ్మీకి సలాం చెప్పకుండా వచ్చేశాను.

బౌల్డర్ వాళ్లు వేరేలా చేశారు. ఎలా పోయాడన్నది దాచలేదు, దాంతోనే అతన్ని తూచలేదు కూడా. 2017లో 19వ నంబర్ జెర్సీని ఇక ఎవరికీ ఇవ్వమన్నారు. 2022లో కాలేజీ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో పేరు ఎక్కింది. తీసుకోవడానికి అతను లేడు. మెకార్ట్నీ కూడా 2025 జనవరిలో వెళ్లిపోయాడు.

నా ఖాలేరా భాయ్ ఒకడు డెన్వర్‌లో సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నాడు. పోయిన చలికాలం ఫోన్ చేసి, ఒకసారి బౌల్డర్ వెళ్లి రషాన్ ఖబ్ర్ దగ్గర ఫాతిహా చదివి రమ్మన్నాను. "ఎవరు భాయ్‌జాన్, మన వాళ్లా?" అన్నాడు. పేరు చెప్పాను. జుమా తర్వాత వెళ్లాడట. మంచు పడుతోందని, చెప్పులు తడిశాయని, ఫాతిహా రెండుసార్లు చదివానని వాయిస్ మెసేజ్ పెట్టాడు. రెండోది ఎవరికని అడిగితే, నా పక్క బెంచీ వాడి పేరు చెప్పాడు. వాడి సంగతి ఎప్పుడో నేనే ఇతనికి చెప్పి ఉంటాను, నాకు గుర్తు లేదు.