పేటియా మీది గవ్వలు

స్కాట్లాండులో ఒక్కో వంశానికి ఒక్కో గళ్ల బట్ట ఉంటుందని, దాన్ని టార్టన్ అంటారని మా హాస్టలు పిల్లలు చదివారు. "మనకూ అట్లాంటిది ఉందా మేడమ్?" అని అడిగారు.

మన సుగాలి తండాల్లో పేటియా, కాంచళి, టుక్రి ఉన్నాయి కదా! ఎరుపు ముందు, పక్కన నలుపు, నీలం, పసుపు. వాటి మీద అద్దం ముక్కలు, గవ్వలు, పాత నాణేలు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగిన కాలం నుంచి మన ఆడవాళ్ల చేతుల్లో ఉన్న పని ఇది. పాకాల జంక్షన్‌లో మనం ఎక్కే రైళ్లున్నాయే, అలాంటివే ఆ వ్యాపారాన్ని మింగేశాయి. ఆపైన 1871 నాటి నేరస్థ తెగల చట్టం సంచార జాతులెన్నింటిమీదో దొంగల ముద్ర వేసింది. 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. దేశమంతటా పూర్తిగా పోయింది మాత్రం 1952లోనే.

స్కాట్లాండు కొండవాళ్ల దుస్తులనూ 1746లో చట్టం నిషేధించింది, 1782లో ఎత్తేసింది. వంశానికో గళ్ల వరస అనే లెక్క చాలావరకు ఆ తర్వాత కుదిరిందే. పేటియా కట్టొద్దని మనకు ఏ చట్టమూ చెప్పలేదు. సంతలో నవ్వుతారని మనమే విప్పేశాం. ఇప్పుడు సేవాలాల్ జయంతికి అద్దెకు తెస్తున్నాం, దాని గవ్వలు ప్లాస్టిక్‌వి.

మీ అవ్వ పెట్టెలో పాతది ఉంటే తీసి చూడండి. ఏ కుట్టును ఏమంటారో ఆమెనే అడిగి, రాసుకుని రండి.